ఆన్ చేస్తే ఆరిపోతున్న కంప్యూటర్

పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఆ ఇంట్లో ఎప్పట్లాగే తెల్లారింది. రుక్మిణమ్మ పూజ ముగించింది, ఇడ్లీలు దింపింది, కోడలితో మాత్రం మాట్లాడలేదు. వారంగా ఇదే వరస. కోడలు స్రవ్యకు ఇవాళ పదకొండింటికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది. గట్టెక్కితే గచ్చిబౌలిలో ఉద్యోగం, ఆ వెంటే అక్కడ అద్దె ఇల్లు. గొడవంతా ఆ అద్దె ఇంటి గురించే.

స్రవ్య కంప్యూటర్ ఆన్ చేసింది. స్క్రీన్ వెలిగింది, కాసేపటికి టప్పున ఆరిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది, లాభం లేకపోయింది. ఫోన్లో ఆ పరీక్ష తెరుచుకోదు.

"నిన్నటిదాక మంచిగనే నడిచింది," అంది, ఎవరితోనూ కానట్టు, అందరికీ వినపడేలా.

"పాత డబ్బా. ఎన్నొద్దులు నడుస్తది?" వంటింట్లోంచి అంది రుక్మిణమ్మ.

"పొద్దుగాల నేను స్నానం చేసి వచ్చేటాళ్లకు దీని దగ్గర మీరే ఉన్నరు అత్తమ్మా. నేను చూసిన."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దుకాణానికి బయల్దేరుతున్న అక్షయ్ గుమ్మంలో ఆగాడు, ఆగినందుకు వెంటనే నాలుక కరుచుకున్నాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య దొరికిపోయిన మగాడంత దిక్కులేనివాడు ఇంకొకడుండడు.

"అంటే ఏందన్నట్టు? నేను ఖరాబ్ చేసిన్నా?" రుక్మిణమ్మ బయటికి వచ్చింది.

"చేసిన్రో లేదో మీరే చెప్పండి."

"అమ్మా, జర ఊకో. స్రవ్యా, నువ్వు గూడ..."

"నేను ఊకోను అక్షయ్. పరీక్ష పోతే మనం ఈడనే పడుంటమని మీ అమ్మ ఆశ. గందుకే దాన్ని ఏదో చేసింది."

రుక్మిణమ్మ మొహం మాడిపోయింది. ఎంత మాటకైనా రెండింతలు అప్పజెప్పే మనిషి, ఒక్క ముక్క మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మౌనంతో స్రవ్య అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

కోపంతోనే స్క్రూలు విప్పింది. పెళ్లికి ముందు ఇలాంటివి ఎన్నో విప్పి బిగించిన చెయ్యి అది. పక్క రేకు తీసి, స్విచ్ వేసి చూసింది. వెనక ఫ్యాను తిరుగుతోంది. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను మాత్రం ఒకసారి కదిలి ఆగిపోయింది. అదీ సంగతి. చల్లబరిచే గాలి లేక ప్రాసెసర్ వేడెక్కిపోతోంది, పాడవకుండా కంప్యూటర్ తనంతట తానే ఆరిపోతోంది.

ప్లగ్గు పీకేసి, ఫోన్ లైటు వేసి వంగి చూసింది. రెక్కకూ చట్రానికీ మధ్య పసుపు పచ్చగా ఏదో ఇరుక్కుంది. కనుబొమలకు వాడే ప్లక్కర్‌తో లాగింది. బియ్యపు గింజ. దాని కింద ఇంకొన్ని, నేతికి అంటుకుపోయి ఉన్నాయి.

అక్షింతలు. కంప్యూటర్ డబ్బా పైనున్న జాలీ సందుల్లోంచి లోపలికి పడ్డాయి.

స్రవ్య అన్నీ ఏరి తీసి వేలితో తిప్పితే ఫ్యాను తేలిగ్గా తిరిగింది. గింజలు అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

"ఇవేంది అత్తమ్మా?"

రుక్మిణమ్మ గోడ వైపే చూస్తూ చెప్పింది. "నీ నెత్తి మీద వేద్దామంటే నువ్వు నాతోని మాట్లాడ్తలేవు. దాని మీద వేసిన."

"నేను పోవుడు మీకు ఇష్టం లేదు గద."

"లేదు. ఇప్పటికీ లేదు. గట్లని నా కోడలు పరీక్షల ఓడిపోవాల్నా?"

స్రవ్యకు ఏడుపు ఆగలేదు. "తప్పయింది అత్తమ్మా," అంటూ కాళ్ల మీదికి వంగింది.

"తప్పే. నీ పరీక్ష అయినంక చెప్త నీ సంగతి." అక్షింతల గిన్నె కోసం దేవుడి గదిలోకి వెళ్లేంత ఓపిక రుక్మిణమ్మకు లేకపోయింది. తడి చేతులే కోడలి తల మీద పెట్టింది, చాలాసేపు తీయలేదు.