అక్క వరస, బావ వరస

"సోషియాలజీ అంటే ఏమిటి?" అని గ్లోరియా అడిగితే, చివరి బెంచీ నుంచి జవాబొచ్చింది.

"కాలనీల ఎవరింట్ల ఏం కూర వండిన్రో అందరికి తెల్వుడు, మేడం."

క్లాసు గొల్లుమంది. ఆదివారం ఓపెన్ డిగ్రీ క్లాసు అది. వచ్చినవాళ్లలో సగం మంది బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు కూడా నిద్రమాని నవ్వారు. గ్లోరియా మాత్రం నవ్వలేదు. ఆమెకు అది మొదటి క్లాసు.

"దాన్ని చాడీలంటారు. మీ పేరు?"

"నా పేరు మీకు తెల్వదా, మేడం?"

తెలియకేం! పేరు ఉపేందర్. గోదావరిఖని కాలనీలో వాళ్ల క్వార్టరుకూ వీళ్ల క్వార్టరుకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. చిన్నప్పుడు ఆమె సైకిల్ తొక్కితే వెనక నుంచి పట్టుకుని పరిగెత్తి, చెప్పాపెట్టకుండా వదిలేసిన ఘనుడు. ఆమె హైదరాబాదు హాస్టల్లో ఉండి ఎమ్మే చదువుకునే లోపు మీసం పెంచాడు, ఓపెన్ కాస్టు గనిలో మట్టి లారీ నడుపుతున్నాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతానని వచ్చి కూర్చున్నాడు.

"నిలబడి వినండి" అంది గ్లోరియా. అతను నిజంగానే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, గంటసేపు.

ఆమె చెప్పుకుపోయింది. ఫ్రాన్సులో జనం రాజును దించేశారు. ఇంగ్లాండులో బొగ్గు తవ్వి మిల్లులు నడిపారు. నాగలి పట్టినవాళ్లు పట్నాలకొచ్చి ఇరుకు గదుల్లో పడ్డారు. పాత కట్టుబాట్లు తెగాయి, కొత్తవి ఇంకా పుట్టలేదు. అంత గందరగోళంలోనూ మనుషులు కలిసి ఎట్లా బతుకుతున్నారని కొందరికి అనుమానమొచ్చింది. ఆగస్ట్ కామ్టే అనే ఫ్రెంచాయన దానికో శాస్త్రం కావాలన్నాడు. మొదట 'సోషల్ ఫిజిక్స్' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇంకొకాయన వాడుతున్నాడని తెలిసి, అలిగి, సోషియాలజీ అన్నాడు.

"ఆ మాటలో సగం లాటిన్, సగం గ్రీకు. రెంటికీ పొసగదని పండితులు వెక్కిరించారు. అయినా నిలబడింది."

"అంటె లవ్ మ్యారేజన్నట్టు" అన్నాడు నిలబడ్డవాడు.

ఈసారి గ్లోరియాకు నవ్వొచ్చింది. బోర్డు వైపు తిరిగి దాచుకుంది.

చివర్లో అతనే చెయ్యెత్తాడు. "మేడం, ఒక డౌటు. ఆళ్లు ఊర్లు ఇడ్సి వచ్చి మిల్లుల చేరిన్రు కదా. ముక్కూ మొఖం తెల్వని పక్కింటోళ్లను ఏమని పిల్సిన్రు?"

గ్లోరియా చదివిన పుస్తకాల్లో అది లేదు. వీళ్ల తాతలూ అట్లాగే తలో ఊరి నుంచి వచ్చి ఇక్కడ చేరినవాళ్లు. వచ్చిన మర్నాడే ఒకరికొకరు అన్నలు, అక్కలు, బావలు అయిపోయారు.

"మంచి ప్రశ్న. వచ్చే వారానికి మీరంతా ఇంట్లో అడిగి రండి, ఎవరు ఎవరిని ఏ వరసలో పిలుస్తారో" అంది. ఆ పని తన కొంపకే నిప్పు పెడుతుందని ఆమెకేం తెలుసు!

బయట వాన దంచుతోంది. ఉపేందర్ గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

"రాండ్రి మేడం, తడుస్తరు."

"ఇంటి దగ్గర నువ్వు అంటావు, ఇక్కడ మీరా?"

"ఇక్కడ నిలబెట్టిన్రు కదా. భయమైతంది."

గొడుగు ఒకరికి సరిపోయేది. అతని ఎడమ భుజమూ ఆమె కుడి భుజమూ తడిసి ముద్దయ్యాయి. చౌరస్తా దాటాక అతను మాట్లాడటం మానేశాడు, ఆమే మాట్లాడింది. ఇల్లొచ్చేసరికి ఇద్దరికీ సంగతి తెలిసిపోయింది. ఆ వారమంతా గోడకు అవతల అతను కూనిరాగం తీస్తే, ఇవతల ఆమెకు పాఠం ఎక్కలేదు. నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతుంటే అతనే అన్నాడు, "నాకు నువ్వంటె ఇష్టం. పాసైనా, ఫేలైనా." ఆమె బిందె ఎత్తుకుని, "ఫేలైతే మాత్రం మాట్లాడను" అంది. అంతే, అయిపోయింది.

ఆదివారం అందరూ వరసల లెక్కలు చెప్పారు. ఉపేందర్ వంతు వచ్చేసరికి మొహం వేలాడేశాడు.

"మా అవ్వ పక్కింటామెను అక్కా అంటది."

పక్కింటామె అంటే గ్లోరియా తల్లి సుగుణమణి. ఉపేందర్ తల్లి సారవ్వ ఆమెను ఎప్పుడూ అక్కా అనే పిలుస్తుంది. గ్లోరియా సారవ్వను చిన్నమ్మా అంటుంది, సారవ్వ భర్త ఆగయ్యను చిన్నాన్న వరసలో కాకా అంటుంది. అక్కచెల్లెళ్ల పిల్లలంటే అన్నాచెల్లెళ్లు. ఇన్నాళ్లూ నోటితో అంటూనే ఉన్నా, ఆ వరస తమ మీదికి వస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

క్లాసయ్యాక ఉపేందర్ అన్నాడు, "గీ హోంవర్కు ఇయ్యకపోతె ఏమయ్యేది?"

"అడిగింది నువ్వే."

ఆ వారంలోనే మందమర్రి నుంచి పాస్టర్ గారు సంబంధం తెచ్చారు. అబ్బాయి టీచరు. వచ్చే శనివారం చూడటానికి వస్తారు. ఇక దాచి లాభం లేదని గ్లోరియా తల్లితో చెప్పేసింది. అటు ఉపేందర్ కూడా వాళ్లమ్మ చెవిన వేశాడు. తమది చర్చి, వాళ్లది గుడి కాబట్టి మతం సంగతి ముందొస్తుందనుకుంది గ్లోరియా. దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. తల్లులిద్దరూ అటు పోనే లేదు.

"చర్చిల చేస్కుంటరా, పందిట్ల చేస్కుంటరా అని కొట్లాడెటోళ్లమే" అంది సారవ్వ కళ్లొత్తుకుంటూ. "కని చెల్లెనెట్ల చేస్కుంటడు బిడ్డా? సకల జనుల సమ్మెల జీతాలు లేనప్పుడు రెండిండ్లకు ఒక్క పొయ్యి మీద వండుకున్నం. నా తోడబుట్టింది గూడ గంత చెయ్యలె."

"నలుగురు ఏమంటరే?" అంది సుగుణమణి.

మనం పెట్టుకోని నియమాలు కూడా మన ముందు గోడలా నిలబడి అడ్డం పడతాయని డర్క్‌హైమ్ అనే మరో ఫ్రెంచాయన చెప్పినట్టు గ్లోరియా క్లాసులో ఎంతో ధీమాగా చెప్పింది. ఇప్పుడు రెండిళ్ల మధ్య గోడకు తల ఆనించి ఏడ్చింది. ఇటుక గోడకు అవతల ఉపేందర్ దగ్గు వినబడుతోంది. పలకరించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ వాన. నాన్న యిర్మియా గొడుగు మర్చిపోయాడని ఫస్ట్ షిఫ్టు దిగే వేళకు ఆమె బాయి గేటు దగ్గరికి వెళ్లింది. నల్లటి మొహాలతో మనుషులు బయటికొస్తున్నారు. వాళ్ల మధ్య నాన్న గొంతు వినిపించింది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు.

"ఏ బావా! నా సద్దిల చాపముక్క నువ్వే తిన్నవు కదరా దొంగా!"

"నీ చెల్లె వండిన పప్పు నీకే ఇడ్సిపెట్టిన కద బావా!" అని ఆగయ్య పెద్దగా నవ్వాడు.

గ్లోరియా గొడుగు తెరవడం కూడా మర్చిపోయి వానలో నిలబడింది. నాన్న సారవ్వను చెల్లె అంటున్నాడని, ఆగయ్యను బావ అంటున్నాడని ఆమెకు ఇప్పుడు తెలిసింది. క్లాసులో ఎవరు తెచ్చిన లెక్క చూసినా తల్లులు చెప్పిందే. తండ్రులు డ్యూటీలో ఉంటారు, లేదా డ్యూటీ దిగి పడుకుంటారు. లేపితే తిడతారని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఎమ్మే చదివి సగం కాలనీనే లెక్కలోకి తీసుకుంది.

సాయంత్రం రెండిళ్ల వాళ్లనూ అరుగు మీద కూర్చోబెట్టింది. ఉపేందర్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, క్లాసులోలాగా.

"డాడీ, బాయిల నువ్వు ఆగయ్య కాకను ఏమంటవు?"

యిర్మియా భార్య వైపు చూసి సర్దుకున్నాడు. "ఏమంటం... పని ముచ్చట్లు."

"బావా అనవా?"

ఆగయ్య కిసుక్కున నవ్వి, సారవ్వ చూపు చూసి ఆపుకున్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. "కొత్తగ చేరిన దినాలల్ల మమ్ముల జోడీ కట్టిన్రు, ఇద్దరం కలిసి టబ్బులల్ల బొగ్గు నింపాలె. అన్నా అంటె మర్యాద చెయ్యాలె, బావా అంటె తిట్టుకోవచ్చని మాతోని పనిచేసే మొగిలి ముసలాయన చెప్పిండు. గప్పటిసంది గదే. ఇంటికాడ మీరు అక్కా చెల్లె అనుకుంటుంటె మాకెందుకని ఊకున్నం."

"అంటె మీ దిక్కు చూస్తె వీళ్లు బావామరదండ్లా?" అంది సుగుణమణి.

"గట్లనే అయితది" అన్నాడు యిర్మియా నేల చూస్తూ. "రేపు మందమర్రోళ్లను రావద్దని నేను చెప్త."

అందరూ సారవ్వ వైపు చూశారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"గది సరే" అంది. "మరి నా అక్క ఏం గావాలె? వీళ్ల పెండ్లయితె నేను ఆమెను అక్కా అనొద్దు కదా. ఇన్నేండ్ల పిలుపు ఎట్ల ఇడ్సిపెట్టాలె?"

అప్పుడు అర్థమైంది గ్లోరియాకు. సారవ్వ భయం నలుగురి గురించి కాదు, అక్కను పోగొట్టుకోవడం గురించి. తను గెలిచానని అప్పటిదాకా పొంగిపోతున్నందుకు సిగ్గేసింది. వెళ్లి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

సుగుణమణి లేచి సారవ్వ ముందు నిలబడింది. "గోడ ఒక్కటే ఉన్నది కదనే. పిలుపు మారితె నేనెటు పోత?"

సారవ్వ కళ్లు తుడుచుకుంది. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, కొత్త చెప్పులు తొడుక్కున్నంత ఇబ్బందిగా ఆ మాట పలికింది.

"వదినా... జర చాయ్ పెట్టు."

సుగుణమణి ఒక్క క్షణం ఆగి, "వస్తున్న వదినా" అని లోపలికి వెళ్లింది. ఆమె కూడా ఏడుస్తోందని వెనక నుంచి చూసినా తెలుస్తోంది.

ఆగయ్య యిర్మియా వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఇగ ఇంటికాడ గూడ తిట్టుకోవచ్చు బావా!"

స్తంభం దగ్గర నిలబడ్డవాడు మెల్లగా అడిగాడు, "మేడం, ఇగ కూసోవచ్చా?"

"కూర్చో బావా" అంది గ్లోరియా.