సగటు మారలేదు

ఆసిఫ్ బ్యాగ్ సర్దుకుంటున్నాడు. రెండు రోజుల హైదరాబాద్ ప్రయాణానికి నాలుగు ఇస్త్రీ చొక్కాలు, ఒక అత్తరు సీసా. పెళ్ళికొడుకు కూడా అంత సర్దుకోడు.

ఏలూరు ప్రాజెక్ట్ ఆఫీసులో అతనికి ఎదురుగా నాజియా లాప్‌టాప్ చూస్తోంది. కొల్లేరు చేపల చెరువుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద సర్వే వాళ్ళది. అంకెలు ఆసిఫ్‌వి. ఆ ఆడవాళ్ళు చెప్పిన మాటలు నాజియావి. రెండూ ఒకే ఎక్సెల్ షీటులో పక్కపక్కన ఉంటాయి.

"అంకెలూ మాటలూ కలిపే మిక్స్‌డ్ మెథడ్స్ అంటే మనిద్దరమేనండీ," అన్నాడతను మొన్న వానలో, ఆమె గొడుగు కింద దూరి. ఆమె నవ్వింది కూడా. శుక్రవారం తిరిగొచ్చి నాజియా వాళ్ళ నాన్నతో పెళ్ళి మాట ఎత్తుతానన్నాడు.

"ఏవండీ, లక్ష్మీకాంతం గారికి కొడుకెప్పుడు పుట్టాడు?"

"ఎవరావిడ?"

"వాళ్ళింట్లో మీరు రొయ్యల వేపుడు మారు వడ్డించుకున్నారే, ఆవిడ. పిల్లల్లేరు పాపం. ఇక్కడ ఆవిడ పేరు పక్కన 'నా కొడుకు చదువు ఆగిపోయింది' అని ఉంది. అది పుష్పలత గారన్న మాట."

ఆసిఫ్ వంగి చూశాడు. "ఆదాయం ప్రకారం సార్ట్ చేశాను. మాటల కాలమ్ సెలెక్ట్ చేయడం మర్చిపోయుంటాను."

పేర్లు, ఆదాయాలు కదిలిపోయాయి. మాటలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

"వెనక్కి తిప్పండి."

"సేవ్ చేసి మూసేశానండీ."

"రికార్డింగులు నా ఫోన్‌లో ఉన్నాయి. ఇద్దరం కూర్చుంటే రేపటికి సరిచేయొచ్చు."

"రేపు హైదరాబాద్‌లో పెద్దల ముందు ప్రెజెంటేషన్. అయినా సగటు మారదు కదా. ఎవరు చూస్తారు?"

"అవునులెండి. ఒకరి ఏడుపు తీసి ఇంకొకరి నోట్లో పెడితే మొత్తం ఏడుపు తగ్గదుగా. ఎంత చదువండీ మీది."

"వెటకారంలో కూడా బాగుంటారు మీరు."

"రేపు నేనన్న మాట ఎవరి పేరున పడినా మీకు పట్టదన్నమాట."

అతని మొహం చిన్నబోయింది. "మీరంటే నాకిష్టం నాజియా గారూ. అది మాత్రం తప్పుగా రాయలేదు."

అది నిజమని ఆమెకి తెలుసు.

"అయితే ఇవాళ్టి హైదరాబాద్ బండి వదిలేయండి."

అతను గోడ గడియారం చూశాడు. జిప్ లాగాడు. "శుక్రవారం వస్తాగా."

"తప్పు ఆ పెద్దల ముందు ఒప్పుకుని రండి. లేకపోతే మా గుమ్మం ఎక్కకండి."

అతను వెళ్ళాక నాజియా ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఒక్కొక్కరి గొంతూ విని, ఎవరి మాట వాళ్ళ పేరు పక్కన పెట్టుకుంటూ పోయింది. తెల్లారేసరికి సరిచేసిన షీటు హైదరాబాద్ పెద్దలకి పంపింది. తప్పు ఎవరిదో కూడా రాసింది.

ఆసిఫ్ ఏలూరు వదిలింది 2023 జులై 12, బుధవారం. మళ్ళీ రాలేదు.