పక్క సీటు బ్రేకు

డెబ్బై... ఎనభై... ఎనభై అయిదు!

నెత్తిమీద డ్రైవింగ్ స్కూలు బోర్డు గడగడలాడుతోంది. ఆ కారు పుట్టి బుద్ధెరిగాక నలభై దాటింది లేదు.

డ్రైవింగ్ టీచర్ పక్క సీట్లో ఉంది. రోజూ కూర్చునే సీటే. స్టీరింగ్ మాత్రం స్టూడెంట్ చేతిలో లేదు. చిలక చేతిలో ఉంది.

చిలక... ఒకటో క్లాసు నుంచీ స్నేహితురాలు.

ఐదు నిమిషాల క్రితం సాయంత్రం ఆఖరి క్లాసు అయిపోయింది. స్టూడెంట్ దిగి డోర్ వేసేలోపే చిలక ఊడిపడింది. స్టీరింగ్ ముందు కూలబడి తాళం తిప్పింది.

"మా ఆయన మనుషులు వెంటపడ్డారే. దొరికితే చంపేస్తారు."

వెనక బూడిద రంగు కారు. నిజంగానే వస్తోంది!

"పోలీస్ స్టేషన్‌కి పోనియ్యి," అంది టీచర్. "ఎలాగూ నేను అక్కడికే బయల్దేరాను."

"తెలుసు. రాత్రి ఫోన్లో చెప్పావుగా. ముందు వీణ్ణి వదిలించుకోనీ. నోర్మూసుకుని కూర్చో, తోకా."

తోక. ఆ పేరు పెట్టింది చిలకే. తను ఎటు పోతే అటు ఊగుతుందని.

ఇప్పుడు టీచర్‌కి ముప్పై నాలుగేళ్ళు. ఆరొందల మందికి కారు నేర్పింది. అయినా ఆ పిలుపు వింటే చాలు, మెడ దానంతటదే వంగిపోతుంది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

పదో క్లాసులోనూ అలాగే వంగింది.

చిలక స్కూలు ల్యాబ్‌లో పరీక్ష పేపర్ల కట్టకి నిప్పుపెట్టింది. తోక గుమ్మంలో కాపలా కాసింది. లోపలి గదిలో లెక్కల మాస్టారు నిద్రపోతున్నారు. ఆ సంగతి తోకకి తెలియదు.

చిలకకి తెలుసా? ఆ అనుమానం ఇన్నేళ్ళుగా వదల్లేదు.

మాస్టారు బయటికి రాలేదు.

"స్టవ్వు ఆర్పకుండా వెళ్ళింది అటెండరేనని చెప్పు," అంది చిలక అప్పుడు.

తోక పోలీసులకి అలాగే చెప్పింది. ఏ పాపం ఎరగని అటెండర్ ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నాడు.

పోయిన నెల ఆయనే పని వెతుక్కుంటూ డ్రైవింగ్ స్కూలుకి వచ్చాడు. ఆమెను గుర్తుపట్టలేదు. కార్లు కడిగే పనిలో కుదిరాడు. రోజూ "భోంచేశారా, టీచరమ్మా?" అని అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ ఆమెకు అన్నం సయించదు.

ఇక మోయలేక రాత్రి చిలకకి ఫోన్ చేసింది. రేపు సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళి అంతా చెప్పేస్తాను, నువ్వూ రా అంది. పొద్దున్న అటెండర్ ముందు నేలమీద కూర్చుని నిజం చెప్పేసింది.

ఆయన తలెత్తలేదు. తడిగుడ్డ పిండి ఆరేసి వెళ్ళిపోయాడు.

టిక్... టిక్... టిక్...

టీచర్ ఉలిక్కిపడింది.

ఎడమ ఇండికేటర్!

కారు మలుపు తిరిగింది. కొత్తగా వేసి ఇంకా తెరవని రోడ్డు. పురుగు కూడా లేదు.

ఇంకో మలుపు. మళ్ళీ టిక్... టిక్...

వెనక కారు కాస్త ఆలస్యమైంది. చిలక వేగం తగ్గించింది. అది అద్దంలో కనిపించాక మళ్ళీ పెంచింది.

టీచర్‌కి అర్థమైంది.

ఇక ఆలోచించలేదు. తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకుని బలంకొద్దీ తొక్కింది.

కీచ్...!

కారు అడ్డంగా తిరిగి ఆగింది. టీచర్ తాళం లాగేసింది.

"ఇండికేటర్ ఎందుకు వేశావే?"

"ఏంటి?"

"భయపడ్డవాళ్ళు ముందు మర్చిపోయేది అదే. నువ్వు ఒక్క మలుపూ వదల్లేదు. వెనకవాడు దారి తప్పకూడదనేగా?"

చిలక తీరిగ్గా నవ్వింది.

"తోకకి తెలివొచ్చిందే."

"లోపల మాస్టారున్నారని నీకు తెలుసా?"

"గురక వినిపిస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? నా కాపీ పట్టుకుంది ఆయనేగా. ఇప్పుడు నేనే ఒక స్కూలు నడుపుతున్నా, నాకో పేరుంది. నీ ఏడుపు కోసం అవన్నీ వదులుకోమంటావా?"

వెనక కారు ఆగింది. తలుపు తెరుచుకుంది.

చేతిలో పిస్టల్‌తో ఒక మనిషి దిగాడు.

అటెండర్!

"నీ దగ్గరే పనిచేస్తున్నాడని ఫోన్లో నువ్వేగా చెప్పావు," అంది చిలక. "రాత్రే వెళ్ళి కలిశా. ఆయన్ని జైలుకి పంపింది నువ్వొక్కదానివే అని చెప్పా. కారు నాది, పిస్టల్ నాది. పగ మాత్రం ఆయనది."

పొద్దున్న ఆయన తలెత్తనిది ఇందుకా?

"దిగండి, టీచరమ్మా," అన్నాడాయన.

దిగింది. పారిపోవాలనిపించలేదు. ఆయన కాల్చినా తను తప్పు పట్టదు.

"మీరు కూడా దిగండమ్మా."

"నేనెందుకు?" చిలక విసుగ్గా దిగింది. "కానియ్యి తొందరగా."

"రాత్రి మీరు ఒక్క పేరే చెప్పారు." ఆయన గొంతు మెల్లగా ఉంది. "పొద్దున్న ఈవిడ రెండు పేర్లు చెప్పింది. తన పేరు ముందు చెప్పింది."

పిస్టల్ చిలక వైపు తిరిగింది!

చిలక మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తోకా... ఆయనకి చెప్పవే. నేను కాదని చెప్పవే!"

ఆయన వేలు బిగుసుకుంటోంది.

టీచర్ దూకింది. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"వద్దు బాబాయ్! దీనికోసం మీరు మళ్ళీ జైలుకెళ్ళొద్దు!"

ఢాం!

కారు టైరు బుస్సుమని కూలింది.

టీచర్ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పిస్టల్ తీసుకుంది.

చిలక ఊపిరి పీల్చుకుంది. చీర సర్దుకుంది.

"నాకు తెలుసే... ఎంతైనా నన్ను చావనివ్వవని."

"నిన్నెవరు కాపాడారు?" అంది టీచర్. "నేను ఆయన్ని కాపాడాను."

పిస్టల్ చిలక మీదినుంచి కదలకుండా, రెండో చేత్తో ఫోన్ తీసింది.

"హలో, స్టేషనా? కొత్త రోడ్డు దగ్గరికి రండి. ఒక హత్య కేసులో ఇద్దరు దోషులం ఇక్కడున్నాం."