రెండో సాక్షి

"రుమానా రాదట," అంటూ విద్యావతి మొబైల్ మూసింది. "హైవే మీద కారు బ్రేక్‌డౌన్ అయిందట. టో ట్రక్ కోసం కూర్చుంది."

అచ్యుత్ వాచీ చూసుకున్నాడు. పదీ నలభై. పదకొండింటికి పెళ్ళి!

సిడ్నీ రిజిస్ట్రీ ఆఫీసు వరండా అది. 1999 డిసెంబరు. కంప్యూటర్లు ఆగిపోతాయేమోనని లోకమంతా భయపడుతుంటే, పెళ్ళి ఆగిపోతుందేమోనని వీళ్ళ భయం వీళ్ళది. పెళ్ళికి ఇద్దరు సాక్షులు కావాలి. విద్య తరఫు సాక్షి, స్నేహితురాలు రుమానా దారిలోనే ఉండిపోయింది. ఉన్నది ఒక్కడే, అచ్యుత్ రూమ్మేట్ శ్రీపతి. కొత్త చొక్కా కాలరు బిగుసుకుని, వాడు కూడా ఏ నిమిషాన పడిపోతాడో అన్నట్టున్నాడు.

ఇంత దొంగచాటు దేనికయ్యా అంటే, ఉంది కారణం. అచ్యుత్‌ది తెనాలి. ఓ బ్యాంకులో వై-టు-కె కాంట్రాక్టు. ఈ నెలాఖరుకి ఉద్యోగమూ సరి, వీసా కూడా సరి. విద్య తండ్రి, సిడ్నీలోనే స్థిరపడ్డ డాక్టర్ ద్వారకానాథ్‌గారు ఆ సంగతి విని ఒక్కటే మాటన్నారు. "వాడికి కావాల్సింది నువ్వు కాదమ్మా, వీసా!" ఆ తర్వాత మెల్‌బోర్న్ కార్డియాలజిస్టు ఒకణ్ణి ఆదివారం పెళ్ళిచూపులకి రమ్మన్నారు.

అచ్యుత్ కౌంటర్ దగ్గరికి పరిగెత్తి వెళ్ళి వచ్చాడు. "స్టాఫ్‌లో ఎవరో ఒకరు సైన్ చేస్తారట. కౌంటర్లో ఆవిడ నో వర్రీస్ అంది."

"వద్దు."

"ఎవరైతే ఏంటి విద్యా? సంతకమేగా!"

"ఆన్ కూడా అలాగే అనుకుంది."

"ఓరి దేవుడా! పెళ్ళిరోజు కూడా నీ థీసిసేనా?"

ఏం చేస్తాడు పాపం, విద్య యూనివర్సిటీలో రాస్తున్న థీసిస్ దొంగపెళ్ళిళ్ళ మీదే మరి. రెండున్నర శతాబ్దాల కిందటి లండన్‌లో పెళ్ళాడాలంటే చర్చిలో మూడు ఆదివారాలు పేర్లు చదివి వినిపించేవారు. ఇంట్లో తెలియకూడదనుకున్న జంటలు ఫ్లీట్ జైలు పక్క సందుల్లోకి పరిగెత్తేవి. అక్కడ ఏ సారాకొట్టులోనో ఓ పాదిరి ఉంగరం తొడిగించి పంపేసేవాడు. సాక్షి అంటే, ఆ పూట అక్కడ తాగుతూ కూర్చున్నవాడు ఎవడైతే వాడు.

ఆన్ అనే పిల్ల అలాగే చేసుకుంది. రెండేళ్ళకు మొగుడు ఇంకో పెళ్ళికి సిద్ధపడి, ఈవిడెవరో నాకు తెలీదన్నాడు. సాక్షిని తెమ్మంది కోర్టు. ఎక్కణ్ణించి తెస్తుంది? వాడి పేరు కూడా ఆవిడకి తెలీదు.

"నేను అలాంటివాణ్ణా?" అచ్యుత్ ముఖం ఎర్రబడింది.

"మై గాడ్, నీ గురించి కాదు! రేపు నాన్న 'ఇది వీసా పెళ్ళి' అంటారు. కాదు, నేను చూశాను, అది హ్యాపీగా చేసుకుంది అని చెప్పడానికి నా మనిషంటూ ఒక్కరుండొద్దా?" అంటూనే విద్య ఏడ్చేసింది.

అచ్యుత్ ఆమె మొబైల్ తీసి ఆమె చేతిలోనే పెట్టాడు.

"మీ అమ్మకి చెయ్."

"వచ్చి ఆపేస్తే?"

"ఏమో, నాకూ చచ్చేంత భయంగా ఉంది. కానీ నిన్ను ఎత్తుకెళ్తున్నట్టుంటోంది విద్యా, నెల్రోజులుగా నాకు నిద్ర లేదు. చెయ్."

విద్య తల్లి శేషుకుమారిగారు స్ట్రాత్‌ఫీల్డ్‌లోని ఇంటి నుంచి రైలెక్కి పదకొండున్నరకల్లా ఊడిపడ్డారు. పదకొండింటి పెళ్ళి ఎప్పుడో చేయి జారింది. ఆవిడ చేతికి శెనగపిండి ఇంకా అంటుకునే ఉంది, ఆదివారం పెళ్ళివారికని కలుపుతున్నది.

"ఏమే, నన్ను సాక్షిగా పిలిచావా, తల్లిగా పిలిచావా?"

"రెండూ అమ్మా. సారీ అమ్మా."

ఆవిడ అచ్యుత్‌ని ఎగాదిగా చూశారు. "నీకు వీసా కావాలా బాబూ?"

"కావాలండీ," అన్నాడు. శ్రీపతి గుడ్లు తేలేశాడు. "రాకపోతే తెనాలి వెళ్ళిపోతానండీ. తన చదువయ్యేదాకా అక్కడే ఉంటాను. పెళ్ళి మాత్రం ఇవాళ కావాలి."

ఆవిడ గోడగడియారం కేసి చూశారు. "శుక్రవారం పూట రాహుకాలం మొదలైంది, తెలుసా?"

"తెలుసాంటీ," అన్నాడు అచ్యుత్. "మామూలుగా పదిన్నరకి. ఇక్కడ ఎండాకాలం గడియారాలు ముందుకి జరుపుతారుగా, ఆ డే లైట్ సేవింగ్ గంట కలుపుకుంటే పదకొండున్నరకి మొదలవుద్ది. అందుకే పదకొండు బుక్ చేశాను."

"చూసుకునే పెట్టావూ?" ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. నేరుగా కౌంటర్‌కి వెళ్ళి మాట్లాడి వచ్చారు. "ఒకటిన్నరకి ఖాళీ ఉందట. అప్పటికి రాహుకాలమూ పోతుంది. మీ నాన్న క్లినిక్కూ కట్టేస్తారు."

విద్య మొబైల్ వెనక్కి దాచుకుంది. "అమ్మా, నాన్నకా? నో, ప్లీజ్!"

"నోరు మూసుకుని ఫోన్ ఇటివ్వు." వీసా రాకపోతే తెనాలి వెళ్ళిపోతానంటున్నాడండీ, మీరే వచ్చి చూడండి అని ఆవిడ భర్తకి చెప్పి పెట్టేశారు.

ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో ఎవరూ అడక్కండి. అచ్యుత్ నాలుగుసార్లు మంచినీళ్ళు తాగాడు. విద్య ప్రతి అడుగుల చప్పుడుకీ లేచి నిలబడింది.

ఒకటీ ఇరవై ఐదుకి ద్వారకానాథ్‌గారు వచ్చారు. ఎవరి ముఖమూ చూడలేదు. వెనక కుర్చీలో కూర్చుని, ప్రమాణాలు అయ్యేంతసేపూ నేలకేసి చూశారు.

"విట్నెసెస్ ప్లీజ్," అంది రిజిస్ట్రారు.

శేషుకుమారిగారు సంతకం చేశారు. తర్వాత శ్రీపతి లేచాడు.

"నువ్వు కూర్చో బాబూ," అన్నారు వెనక నుంచి ద్వారకానాథ్‌గారు.

ఆయన నడిచొచ్చి బల్ల ముందు నిలబడ్డారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"కోపం తగ్గిందనుకోకండి," అన్నారాయన అచ్యుత్ చేతిలోంచి పెన్ను లాక్కుంటూ. "ఇంటికి రండి, ఇద్దర్నీ కూర్చోబెట్టి తిడతాను. ముందు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."