కప్పు ఊపని పిల్ల

అజ్లూన్ కొండల్లో మేకలు అబద్ధమాడవు. మనుషుల సంగతి చెప్పలేం. అందుకని ఈ కథలో నమ్మబుద్ధి కాని చోటు ఎక్కడైనా తగిలితే హాజీ మిఫ్లిహ్ గారి మేకల్ని అడిగి చూసుకోవచ్చు. అరవై ఉన్నాయి, అన్నీ దగ్గరుండి చూసినవే.

కొండంతా ఎర్రపూలు విరగబూసిన ఒక శుక్రవారం పొద్దున్నే హాజీ మిఫ్లిహ్ తన మనవడు రాకాన్‌ని పిలిచి చేతికి కర్ర ఇచ్చాడు. ఓక్ చెట్ల నడుమ ఉన్న తమ బయలులో అమ్మాన్ పట్నం నుంచి ఇరవై మంది దిగారనీ, చాపలు పరుచుకొని, తిరగబడ్డ బొద్దింకల్లా కాళ్ళు పైకెత్తి పడుకున్నారనీ కబురొచ్చింది. రోగులైతే ఆసుపత్రికి పంపమన్నాడు. పిచ్చివాళ్ళైతే ఇంటికి పంపమన్నాడు. రెండూ కాకపోతే కర్ర సంగతి చూడమన్నాడు.

రాకాన్‌కి ఇరవై ఏడేళ్ళు. ఈనబోయే మేకను భుజాన వేసుకొని కొండ దిగి, ఎందుకు దిగాడో మరిచిపోయి, అదే మేకతో మళ్ళీ కొండెక్కగల మనిషి. బలానికి కొదవ లేదు. మిగతావాటి గురించి వాళ్ళమ్మ రోజూ దేవుడికి విన్నవించుకుంటూనే ఉంది.

బయలుకి వెళ్ళేసరికి చాపల మధ్య చెప్పుల్లేకుండా ఒక అమ్మాయి నడుస్తోంది. గడ్డి నలగకుండా నడుస్తోంది. ఆమె ఇతని వైపు తిరగనైనా తిరగకుండా, ఆలస్యంగా వచ్చారంది. ఆ కర్ర చెట్టుకి ఆనించి చివరి చాప మీద పడుకోమంది.

"నేను పడుకోడానికి రాలేదండీ," అన్నాడు రాకాన్.

"మొదటి రోజు అందరూ అదే అంటారు. వెల్లకిలా పడుకోండి, మోకాళ్ళు మడవండి."

బడిలో చదివిన ఎనిమిదేళ్ళలో రాకాన్ ఏనాడూ టీచరు మాట కాదనలేదు. పడుకున్నాడు.

అది పిలాటిస్ అనే కసరత్తు అట. అందులో 'నూరు' అని ఒక ఆట ఉంది. తలా భుజాలూ నేలనుంచి లేపి, కాళ్ళు గాల్లో నిలిపి, రెండు చేతులూ పక్కన చరుస్తున్నట్టు ఆడిస్తూ నూరు లెక్కపెట్టాలి. అటుపక్క డెబ్బై ఏళ్ళ ముసలమ్మ తన మనవరాలి పెళ్ళి కబుర్లు చెబుతూ నూరు పూర్తి చేసింది. మేకను మోసిన మనవాడు ముప్పై రెండు దగ్గర ఆకాశంలో చుక్కలు చూశాడు, పట్టపగలు.

తర్వాత ధ్యానం. కళ్ళు మూసుకొని శ్వాసను గమనించాలి. రాకాన్ ఎంత బాగా గమనించాడంటే, ఆ అమ్మాయి వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

"గురక పెట్టారు," అంది.

"గురక కాదండీ, శ్వాస మీద ధ్యాస."

"మీ ధ్యాసకి రెండు మేకలు బెదిరి చెట్టెక్కాయి."

ఇంటికి వెళ్ళాక, వాళ్ళని వెళ్ళగొట్టావా అని తాత అడిగాడు. సగం పని అయిందన్నాడు రాకాన్. కర్ర ఏదీ అంటే, అది అక్కడే కాపలా ఉందన్నాడు. మిగతా సగం పని పూర్తి చేయడానికని పై శుక్రవారం వెళ్ళాడు. ఆపై శుక్రవారం కూడా వెళ్ళాడు. ఆ పని అలా పెరుగుతూ పోయింది.

ఆ అమ్మాయి పేరు షామా. ఊరు మొరాకోలో మెక్నెస్. రెండేళ్ళ కిందట అమ్మాన్‌కి ఉద్యోగానికి వచ్చి, గోడల మధ్య ఊపిరి గురించి పాఠం చెప్పలేక, శిష్యుల్ని వ్యానెక్కించి ఈ కొండకి తెచ్చింది. ఆమె మాట్లాడే అరబ్బీలో నాలుగు మాటలకి ఒకటి రాకాన్‌కి అర్థమయ్యేది. తల మాత్రం నాలుగింటికీ ఊపేవాడు. అలా ఊపడంలో ఒకరోజు తను పిలాటిస్ నేర్పే చదువులో చేరతానని ఒప్పుకున్నాడట. ఆ సంగతి అతనికి నెల తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం చినుకులు పడ్డాయి. అందరూ చెట్ల కిందికి పరిగెత్తారు. రాకాన్ కదలకుండా కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఇంత ఏకాగ్రత ఎప్పుడు వచ్చిందా అని షామా గొడుగు పట్టుకొని వచ్చి చూసింది.

"తడిసిపోతున్నారు, లేవండి."

"లేవలేనండీ. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పావుగంట నుంచీ ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను."

ఆమె నవ్వింది. గొడుగు తీసుకుపోకుండా, తిమ్మిరి దిగేదాకా అక్కడే నిలబడింది. తిమ్మిరి మామూలుగా రెండు నిమిషాల్లో దిగుతుంది. ఆ రోజు వాన వెలిసేదాకా దిగలేదు.

అంతా బాగానే ఉండేది, మేకలు చెడిపోకుండా ఉంటే.

హాజీ గారి మందకి పెద్ద వజీర్ అనే మేకపోతు. అది మొదటివారం దూరం నుంచి చూసింది. రెండోవారం దగ్గరికొచ్చింది. మూడోవారం రాకాన్ చాప పక్కన మోకాళ్ళు మడిచి కూర్చొని కళ్ళు మూసింది. పెద్దవాడు కూర్చున్నాక చిన్నవి ఊరుకుంటాయా? షామా "ఊపిరి లోపలికి" అంటే అరవై పొట్టలు ఒక్కసారి ఉబ్బేవి. "వదలండి" అంటే లోయ అవతలి ఊళ్ళో ఆరేసిన బట్టలు ఎగిరేవి. మంద మేత మానేసింది. కంచెలు దూకడం మానేసింది. ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా మానేసి జాలిగా చూసుకునేది. మేక ప్రశాంతంగా ఉంటే పాలెక్కడివి? నాలుగు బిందెల పాలు ఒక బిందెకి వచ్చాయి.

హాజీ మిఫ్లిహ్ వచ్చి, చెట్టు చాటు నుంచి చూసి ఇంటికి పోయాడు. సాయంత్రం మనవడితో ఒక్కటే మాటన్నాడు: పై శుక్రవారం ఆ బయలులో మేకలు తప్ప ఇంకేవీ పడుకోకూడదు.

మర్నాడే రాకాన్ పట్నం వెళ్ళి షామాకి చెప్పాడు. ఆమె కోప్పడలేదు. మృత సముద్రం ఒడ్డున ఒకాయన చోటిస్తానంటున్నాడనీ, అక్కడికి మారిపోతాననీ అంది. రాకాన్ మనసులో దూరం లెక్కేశాడు. పోనూ రానూ నాలుగు గంటలు. మేకల్ని వదిలి పోలేడు, తీసుకుపోతే ఉప్పునీళ్ళు. అంటే ఇక చూడ్డం ఉండదు. ఈ లెక్క మాత్రం అతనికి ముప్పై రెండు దగ్గర ఆగకుండా చివరిదాకా వచ్చింది. మొహం వాడిపోయింది.

ఆ మొహం చూసి షామా, తాతగారితో తను మాట్లాడతానంది. ఆయన మాట వినే మనిషి కాదన్నాడు రాకాన్.

"మాట్లాడను. కాఫీ కింద పెడతాను," అంది షామా.

ఆ దేశంలో అదొక పద్ధతి. ఇంటికొచ్చిన మనిషి కాఫీ అందుకొని తాగకుండా కింద పెడితే, ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. ఇంటిపెద్ద "తాగు, నీ పని అయింది" అంటే ఇక ఆ మాటకి తిరుగు లేదు. ఈ సంగతి ఆమెకి ఒక శిష్యురాలు చెప్పింది. సగమే చెప్పింది. మిగతా సగం రాకాన్ చెబుదామనుకునేలోపు ఆమె బండెక్కేసింది.

హాజీ గారి చావడిలో పరుపుల మీద ఆమెని మర్యాదగా కూర్చోబెట్టారు. వంటింటి తలుపు వెనక రాకాన్ తల్లి, అత్తలు ముగ్గురు ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. కాఫీ పోయాల్సింది ఇంట్లో చిన్నవాడు. రాకాన్ ఎడమచేత్తో పొడుగుముక్కు కాఫీకూజా, కుడిచేత్తో పిడికిట్లో ఇమిడే కప్పు పట్టుకొని వచ్చి పోశాడు. షామా అందుకొని మెల్లిగా కింద పెట్టింది.

ముసలాయన కనుబొమలు లేచాయి. పద్ధతి తెలిసిన పిల్ల అని లోపల మెచ్చుకున్నాడో, ఇరుక్కున్నానని తిట్టుకున్నాడో, గడ్డం అడ్డమొచ్చి తెలియలేదు.

"తాగు తల్లీ," అన్నాడు చివరికి. "నువ్వు వచ్చిన పని అయిందనుకో."

షామా కాఫీ మానేసి నాలుగేళ్ళయింది. ఊపిరికి పడదని శిష్యులందరి చేతా మాన్పించింది. అయినా పని పనే. కళ్ళు మూసుకొని తాగింది. యాలకులు దంచి వేసిన చేదు కాఫీ. గాడిద తాగితే గుర్రమవుతుందని ఆ ఊళ్ళో పేరు.

శిష్యురాలు చెప్పని సగం ఇదీ: చాలనుకుంటే ఖాళీ కప్పుని కాస్త ఊపి ఇవ్వాలి. ఊపకపోతే ఇంకా కావాలని. పోసేవాడు పోస్తూనే ఉండాలి. అతిథిని 'చాలా?' అని అడగడం ఆ ఇంట్లో ఏడు తరాల అప్రతిష్ఠ.

షామాది పదేళ్ళు ధ్యానం చేసిన చెయ్యి. అందులో కప్పు రాతిలో చెక్కినట్టు నిలబడింది. రాకాన్ రెండోది పోశాడు. పోస్తూ, తాత చూడకుండా తన మణికట్టు ఊపి చూపించాడు. పాపం కంగారులో చెయ్యి వణుకుతోంది కాబోలనుకుంది ఆమె. ఊపిరి మెల్లిగా వదలమని పెదాలతోనే చెప్పి, తాగి, కదలని చేత్తో కప్పు చాపింది. మూడు. నాలుగు. రాకాన్ చెయ్యి, తల, భుజాలు అన్నీ ఊపుతున్నాడు. తలుపు వెనక తల్లి, పిల్లాడికి దెయ్యం పట్టిందని ఉప్పు దిగదుడిచింది. ఆరో కప్పుకి షామా మోకాలు దానంతట అదే ఆడసాగింది. ఎనిమిదో కప్పుకి ఆమె చావడి వాసాలన్నీ లెక్కపెట్టేసింది. తొమ్మిదో కప్పు తాగాక ఆ చెయ్యి గడగడా వణికింది. కప్పు ఊగింది.

అల్‌హమ్దులిల్లాహ్ అని రాకాన్ గోడకి జారగిలబడ్డాడు.

కాఫీ పోయడం ఆగింది. మాటలు పోయడం మొదలైంది.

"తాతా, మీ మనవడంత చెడ్డ శిష్యుణ్ణి నేను మొరాకోలో చూడలేదు, ఇక్కడా చూడలేదు. నూరు లెక్కపెట్టమంటే ముప్పై రెండు దాటడు. ధ్యానంలో నిద్రపోతాడు. నా మాట ఒక్కటీ అర్థం కాదు, అన్నిటికీ తలూపుతాడు. పోయిన వారం అతను రావడం పది నిమిషాలు ఆలస్యమైతే, నాకు పదిహేడు తర్వాత ఎంతో గుర్తురాలేదు తాతా. ఇరవై మంది కాళ్ళు గాల్లో పెట్టుకొని చూస్తున్నారు. నాకు, నాకు పదిహేడు తర్వాత ఎంతో తెలియలేదు."

 తలుపు వెనక అత్తలు ఒకరినొకరు గిల్లుకున్నారు.

హాజీ మిఫ్లిహ్ గడ్డం దువ్వుకున్నాడు. "చూడు తల్లీ. అడగకముందే మాటిచ్చాను. ఒక్క మాటే ఇచ్చాను. నువ్వు వచ్చింది నేల కోసమా, పిల్లాడి కోసమా? ఏదో ఒకటి చెప్పు. రెండూ అంటే నాకు గిట్టుబాటు కాదు."

రాకాన్ ఊపిరి బిగపట్టాడు. నూరు దాకా బిగపట్టగలిగేవాడే.

షామా రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా అదిమి పట్టుకుంది. "నేల," అంది.

రాకాన్ చేతిలో కాఫీకూజా వాలిపోయింది.

"నేల కోసమే వచ్చాను, నేలే ఇవ్వండి. పిల్లాణ్ణి నేనెందుకు అడుగుతాను? మా నాన్న లేడా? ఆయనకి ఇల్లు లేదా? అడగాలనుంటే మీరే మెక్నెస్ వచ్చి అడగండి."

 ముసలాయన మనవడి వైపు తిరిగి, "ఒరేయ్, ఈ పిల్ల నీకు ఎక్కువరా," అన్నాడు. "పోయి టిక్కెట్లు చూడు."

నెల తిరగకుండా హాజీ మిఫ్లిహ్, రాకాన్, అతని తల్లి, మెక్నెస్‌లో షామా తండ్రి ద్రీస్ గారింట్లో కూర్చున్నారు. ద్రీస్ గారు మోచెయ్యి ఎత్తు నుంచి పుదీనా టీ నురగలు కట్టేలా పోసి అందించాడు. హాజీ అందుకొని, తాగకుండా గంభీరంగా కింద పెట్టాడు.

మొరాకోలో ఆ పద్ధతి లేదు. తీపి తక్కువైందేమోనని ద్రీస్ గారు నొచ్చుకొని, ఒక పంచదార గడ్డ వేసి కలిపి మళ్ళీ ఇచ్చాడు. హాజీ మళ్ళీ కింద పెట్టాడు. ఇంకో గడ్డ పడింది. మళ్ళీ కింద. ఈ పెద్దాయన నాలుకకి ఏ తీపీ ఆనదని ద్రీస్ గారికి బెంగ పట్టుకుంది. నాలుగు, అయిదు. షామా తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తోంది. నోరు విప్పితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ ఆమె నవ్వు ఆపుకోడానికి చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఏడో గడ్డకి గ్లాసులో చెంచా నిటారుగా నిలబడింది.

హాజీ మిఫ్లిహ్‌కి ఓపిక అయిపోయింది.

"పంచదార చాలు బాబూ," అన్నాడు. "మాకు పిల్ల కావాలి."

ద్రీస్ గారు ఎనిమిదో గడ్డ చేతిలో పట్టుకొని ఆగిపోయాడు. తలుపు వైపు తిరిగాడు. "ఇతనేనా అమ్మా, నూరు దాకా రానివాడు?"

"ఇతనే నాన్నా."

"నేర్పుతావా?"

"ఎన్నేళ్ళు పట్టినా."

ద్రీస్ గారు గ్లాసుని హాజీ ముందుకి జరిపాడు. "అయితే తాగండి."

మాట దక్కింది. ఇక తాగకపోతే పరువు పోతుంది. ముసలాయన గ్లాసులోకి ఒకసారి చూశాడు, బిస్మిల్లా అన్నాడు, పాకం లాంటి ఆ టీని కళ్ళు మూసుకొని గుక్క తిప్పుకోకుండా లాగించాడు. పక్కన రాకాన్ గ్లాసు కూడా ఆయనే తాగాల్సి వచ్చింది. అప్పటికే ఆ చోటు ఖాళీగా ఉంది. తలుపు దగ్గర ఇద్దరు నిలబడి, ఎవరికీ వినపడకుండా ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు.