డొంబోస్‌లో రద్దయిన మూడు సీట్లు

“డాక్టర్ స్కోగ్ ప్రాణాలతో ట్రొన్‌హైమ్ చేరాలి. విమానం వద్దు, కారు వద్దు. రైల్లో వెళ్లండి. జనం మధ్యలోంచి మనిషిని మాయం చేయడం కష్టం.”

ఓస్లోలోని నిఘా సంస్థ ఆఫీసులో చీఫ్ రోల్ఫ్ చెప్పింది అంతే. ఏజెంట్ సిండ్రె తలూపాడు.

సముద్రం అడుగున సబ్‌మెరైన్ల చప్పుడు పసిగట్టే యంత్రాల రహస్యాలన్నీ స్కోగ్ బుర్రలో ఉన్నాయి. ఒక విదేశీ ముఠా మూడు నెలలుగా ఆయన కోసం మాటు వేసింది. అందుకే ఆయనకు పాస్టర్ వేషం కట్టారు. సిండ్రె స్కీయింగ్ మాస్టారయ్యాడు. తోడుగా తోరున్. తొమ్మిదేళ్లుగా ప్రతి మిషన్‌లోనూ అతని పక్కనున్న మనిషి. ఆమె నడిచొస్తే ప్లాట్‌ఫారమంతా తల తిప్పి చూస్తుంది. తిప్పని తలల్లో శత్రువెవరో సిండ్రె ఏరుకుంటాడు. అదీ వాళ్ల పద్ధతి.

టికెట్లు తోరునే బుక్ చేసింది. దొంగ పేర్లు, మూడు సీట్లు. బుకింగ్ నంబర్ వాళ్లిద్దరికి తప్ప చీఫ్‌కి కూడా తెలియదు.

మధ్యాహ్నం డొంబోస్ స్టేషన్లో మంచు తుఫాను రైలును ఆపేసింది. మైనస్ ఇరవై ఆరు డిగ్రీలు. పొద్దుటి నుంచీ ఆ లైన్లో నాలుగు బళ్లు రద్దయ్యాయి. జనం దిగి, స్టేషన్ కెఫేలో గోధుమరంగు చీజు వేసిన వాఫుల్స్ తింటూ కూర్చున్నారు. ఇంతలో ముగ్గురి ఫోన్లూ ఒకేసారి మోగాయి. రైలు రద్దు, స్టేషన్ బయట రెండో బస్ స్టాపులో బదులు బస్సు సిద్ధం అని మెసేజ్.

“ఏ రూటులో వెళ్తుందో కౌంటర్లో కనుక్కో. ఈలోపు డాక్టర్‌ని నేను ఎక్కిస్తాను,” అంది తోరున్.

రూటు మారితే చీఫ్‌కి చెప్పాలన్నది రూలు. సిండ్రె వెళ్లాడు.

కౌంటర్లో బొర్గిల్ అనే పెద్దావిడ అల్లిక పక్కన పెట్టి కంప్యూటర్ చూసింది.

“రద్దని ఎవరన్నారు బాబూ? మంచు తోసే ఇంజిన్ వస్తోంది. అది దారి చేయగానే బండి కదులుతుంది.”

అతను ఫోన్ చూపించాడు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది.

“ఇది మేం పంపింది కాదే. రైలు బాగానే ఉంది, మీ మూడు సీట్లే రద్దయ్యాయి. బుకింగ్ నంబర్ కొట్టి ఎవరో రద్దు చేశారు. మీలో మీకేమైనా గొడవా?”

సిండ్రెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, ఫోన్లో టికెట్ చూసుకున్నా రద్దనే కనిపించాలని చేసిన పని ఇది. ఆ నంబర్ తను ఎవరికీ చెప్పలేదు. ఇక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరు కాకుండా ఉండడానికి మనసు వేరే దారులు వెతికింది. దొరకలేదు.

పోలీసులను పిలవమని ఆవిడకు చెప్పి, జేబులోని మత్తు సూది పెన్ను చేతిలోకి తీసుకుంటూ బయటకు పరుగెత్తాడు.

బస్సు ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. లోపల డ్రైవర్ కాక ఇద్దరు మగాళ్లు. ప్రయాణికులెవరూ లేరు. స్కోగ్ అప్పటికే మెట్టు మీద కాలు పెట్టాడు.

“ఆగండి డాక్టర్ గారూ. రైలు రద్దు కాలేదు.”

ఆయన ఆగిపోయాడు. తోరున్ కోటులోంచి చిన్న పిస్తోలు బయటకొచ్చి ఆయన పక్కటెముకలకు ఆనింది. ఆమె ముఖంలో మార్పేమీ లేదు.

“ఎప్పుడు అమ్ముడుపోయావు తోరున్?”

“అమ్ముడుపోలేదు. మొదటి రోజు నుంచీ నేను వాళ్ల మనిషినే.”

“మా నాన్న పోయినప్పుడు వారం రోజులు మా ఇంట్లో ఉన్నావే.”

“ఉన్నాను. వాళ్ల దగ్గర సెలవడిగి వచ్చాను. అది మాత్రం నిజం సిండ్రె.”

అది కూడా అబద్ధమైతే బాగుండుననిపించింది అతనికి.

అప్పుడే మంచు తోసే ఇంజిన్ కూత పెడుతూ స్టేషన్లోకి దూసుకొచ్చింది. రెప్పపాటు ఆమె చూపు అటు తిరిగింది. సిండ్రె చేతిలోని పెన్ను నొక్కాడు. మత్తు సూది ఆమె మణికట్టులో దిగింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపే పిస్తోలు మంచులో పడింది. బస్సు తలుపైనా మూసుకోకుండా పరుగు తీసి, ఇంకా ఎత్తని రైల్వే గేటు దగ్గర ఇరుక్కుపోయింది. పోలీసులు అక్కడే ఎక్కారు.

తోరున్ ఒరిగిపోతుంటే, అలవాటు కొద్దీ, ఆమె తల నేలకు తగలకుండా పట్టుకున్నాడు సిండ్రె. ఆ తర్వాత సంకెళ్లు వేశాడు.

బొర్గిల్ కొత్తగా రెండు టికెట్లు కొట్టిచ్చింది. బండి కదిలాక చీఫ్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

“ఇక ఎవర్ని నమ్మాలయ్యా?” అన్నాడు రోల్ఫ్.

సిండ్రె పక్కనున్న ఖాళీ సీటు వైపు చూడకుండా కిటికీలోంచి చూశాడు.

“రైలును నమ్మొచ్చు సార్. వెళ్తానంది, వెళ్తోంది. కాకపోతే యాభై నిమిషాలు లేటు.”