కాలవ పార్కులో నడిచే చెట్లు

కాలవ మీద పార్కు కట్టారే, చీకటి పడితే అటు కుక్క కూడా వెళ్లదు. అక్కడ చెట్లు నడుస్తాయట. సాయంత్రం గేటు పక్కనున్న చెట్టు తెల్లారేసరికి మాయమవుతుందట... రెండ్రోజులకి మళ్లీ వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడుతుందట. కాలవ ఎండిపోయిందని కాగితాల్లో రాసి, పైన రాతిపలకలు పరిచి, దాన్ని సుందరీకరణ అన్నారు. ఆ కాలవ ఉసురే చెట్లనిలా తిప్పుతోందని చెప్పుకునేవారు.

నలుగురు వాచ్‌మన్లు పారిపోయాక ఐదోవాడొచ్చాడు. వీడికి నిద్రంటే ప్రాణం. డ్యూటీలో కునుకు తీసి అప్పటికే రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు.

"ఇది కూడా ఊడగొట్టుకుని వస్తే తలుపు తియ్యను," అంది వాళ్లావిడ. "దెయ్యం పట్టుకున్నా సరే, గేటు లోపలే పట్టుకోనివ్వు."

మూడో రాత్రి... కీచు... కీచుమని చప్పుడు.

తలెత్తాడు. పొదల వెనకాల, మనిషి కంటే ఎత్తైన చెట్టు — కదులుతోంది. గాలికి ఊగడం కాదు... నడుస్తోంది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి.

కాళ్లు గేటు వైపు లాగాయి. గేటు దాటితే ఉద్యోగం పోయినట్టే. వాళ్లావిడ ముఖం గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి టార్చి వేశాడు.

ముందు చక్రాలు కనపడ్డాయి. తర్వాత కూలీల కాళ్లు. ఆఖరికి — పార్కుల ఇంజనీరుగారి ముఖం.

"లైటార్పు," అన్నాడాయన గుసగుసగా. "పొద్దున్నే పెద్దలు స్టేషన్ పక్క పార్కు చూడ్డానికొస్తున్నారు. ఈ చెట్లు అప్పటికక్కడుండాలి."

చూస్తే, అన్నీ డ్రమ్ముల్లో చెట్లే. గోతిలో డ్రమ్ము దించి పైన గడ్డి పరిస్తే వనం సిద్ధం. ఊళ్లో ఆరు పార్కులకీ ఇవే చెట్లు. ప్రతి ప్రారంభోత్సవానికీ ముందే వెళ్లి నిలబడేవి. మనం కూడా ప్రతిసారీ వెళ్లి చప్పట్లు కొట్టొచ్చాం.

"మరి... దెయ్యం, సార్?"

"నేనే పుట్టించా, జనం రాకుండా. నోరిప్పావో, నీ ఉద్యోగం హుళక్కే."

ఇంతలో మూలనున్న చెట్టు దగ్గర కూలీలు ఆగిపోయారు. నలుగురు లాగినా రావట్లేదు. డ్రమ్ము పగిలి, వేళ్లు పలకల సందుల్లోంచి కిందికి దిగిపోయాయి.

"నరికెయ్యండి," అన్నాడు ఇంజనీరు.

వాచ్‌మన్ చెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. డ్యూటీ ఎక్కేముందు వాడు నడుం వాల్చేది ఆ చెట్టు కిందే. పలక మీద తల పెడితే ఏం వినిపిస్తుందో వాడికి తెలుసు.

"వద్దు సార్," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి చెవి పెట్టి వినండి... కింద ఎవరో ఉన్నారు."

ఇంజనీరు నవ్వుతూనే వంగాడు.

గుడ... గుడ... గుడ...

నవ్వు ఆగిపోయింది. కాలవలో చుక్క లేదని సంతకం పెట్టింది తనే. వచ్చి చూసిన పాపాన మాత్రం పోలేదు. కాగితంలో లేని నీళ్లు ఆయన బుర్రకెలా తడతాయి?

ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. కూలీలు బళ్లు తోసుకుంటూ ఆయన వెనకే. ఆ రాత్రి చెట్లు నడవలేదు, పరిగెత్తాయి.

మా ఊరి పార్కులన్నిట్లోనూ నేలలో వేళ్లున్న చెట్టు ఇప్పటికీ అదొక్కటే. దాని కింద వాచ్‌మన్ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. వాణ్ని పట్టుకుని ఉద్యోగం తియ్యాలంటే ఇంజనీరుగారు రాత్రిపూట ఆ పార్కులోకి రావాలి.

రాడు.